తెడ్డుకు ఆధారం: గూటం నుంచి ఔట్‌రిగ్గర్ వరకు

విషయక్రమం

6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 ఆధారం చేసే పని
6.3 గ్రీకు ట్రైరీమ్: గూటం, తోలు పట్టీ
6.4 ఉత్తర యూరప్ నావలు
6.5 వెనిస్: ఫోర్కొలా, గాలీ ఓడలు
6.6 టైన్ నది, ఔట్‌రిగ్గర్
6.7 జారే పీట, తిరిగే రోలాక్
6.8 నేటి సర్దుబాట్లు
6.9 పనివారి విద్య, పెద్దమనుషుల ఆట
6.10 సారాంశం
6.11 ముఖ్య పదాలు
6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పడవలో తెడ్డు ఆధారం చేసే పనిని వివరించగలుగుతారు.
• గ్రీకు, ఉత్తర యూరప్, వెనిస్ నావల్లో తెడ్డును ఆనించిన పద్ధతులను పోల్చగలుగుతారు.
• 19వ శతాబ్దంలో ఔట్‌రిగ్గర్ రాకతో పడవ నిర్మాణంలో వచ్చిన మార్పును చర్చించగలుగుతారు.
• ఒక పనిముట్టు చరిత్రను శ్రామికుల చరిత్రతో కలిపి అర్థం చేసుకోగలుగుతారు.

6.1 పరిచయం

తెలుగులో 'తెడ్డు' అనే మాటను రెండు రకాల పనిముట్లకు వాడతాం. మొదటిది, మనిషి రెండు చేతులతో పట్టుకుని నీటిని వెనక్కి తోసేది. దానికి పడవతో ఏ బంధమూ లేదు. రెండవది, పడవ అంచున ఒకచోట ఆనించి, ఆ చోటును ఇరుసుగా చేసుకుని వేసేది. ఈ పాఠంలో మన చర్చ రెండవదాని గురించి. మరింత కచ్చితంగా చెప్పాలంటే, ఆ తెడ్డు ఆనే చోటు గురించి.

ఓడల చరిత్ర రాసినవారు తెరచాపల గురించి, ఫిరంగుల గురించి, యుద్ధాల గురించి విస్తారంగా రాశారు. తెడ్డును నిలబెట్టే చిన్న గూటం గురించి రాసింది తక్కువ. కాని పడవ ఎంత వెడల్పు ఉండాలి, అందులో ఎందరు కూర్చోవాలి, వారికి ఎంత నేర్పు ఉండాలి అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఆ గూటం ఎక్కడ ఉంది అన్నదానిపై ఆధారపడింది. సుమారు రెండున్నర వేల సంవత్సరాల్లో ఆ గూటం పడవ అంచును వదిలి మెల్లమెల్లగా బయటికి జరిగింది. ఎందుకు జరిగింది, ఎవరు జరిపారు, దాని ఫలితం ఎవరికి దక్కింది అన్నవే ఈ పాఠంలోని ప్రధానాంశాలు.

6.2 ఆధారం చేసే పని

పాఠశాలలో మీరు చదువుకున్న మీట సూత్రాన్ని గుర్తు చేసుకోండి. ఆధార బిందువుకు ఒకవైపు బలం, రెండవవైపు భారం ఉంటాయి. తెడ్డు కూడా ఒక మీట. పిడి నుంచి ఆధారం వరకు ఉన్నది లోపలి భాగం. ఆధారం నుంచి నీటిలోని రెక్క వరకు ఉన్నది బయటి భాగం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక్కరే రెండు తెడ్లు వేసే నేటి పందెపు పడవలో తెడ్డు పొడవు సుమారు 288 సెంటీమీటర్లు. అందులో లోపలి భాగం 88, బయటి భాగం 200. చేతితో పిడిని ఒక మీటరు లాగితే రెక్క సుమారు రెండుంపావు మీటర్లు కదులుతుంది. అయితే దూరంలో లాభం కలిగినచోట బలంలో నష్టం తప్పదు. పిడి మీద 20 కిలోల బలం వేస్తే రెక్క దగ్గర నీటి మీద పడేది 9 కిలోల లోపే.

ఆధారం మీద మాత్రం ఈ రెండు బలాలూ కలిసి, దాదాపు 29 కిలోలు పడతాయి. లాగే మనిషి తన పాదాలతో పడవలోని కాలిబల్లను 20 కిలోల బలంతో వెనక్కి తన్నుతాడు. ముందుకు 29, వెనక్కి 20. మిగిలిన 9 కిలోలే పడవను నడుపుతాయి. కాబట్టి తెడ్డు ఆధారం కేవలం తెడ్డు జారిపోకుండా పట్టుకునే కొక్కెం కాదు. పడవకు ముందుకు పోయే బలం అందేది ఆ చోటునుంచే. ఆ చోటు వంగినా, ఊగినా మనిషి శ్రమ వృథా అవుతుంది.

ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. తెడ్డు సులువుగా తిరగాలంటే లోపలి భాగం తగినంత పొడవు ఉండాలి. ఆధారం పడవ అంచు మీదే ఉంటే, లోపలి భాగం పొడవు కావాలనుకున్నవారు పడవను వెడల్పు చేయక తప్పదు. పడవ వెడల్పయితే నీటి నిరోధం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. పొడవైన మీట కావాలి, సన్నని పడవ కూడా కావాలి. ఈ రెండు కోరికల మధ్య పోరే తెడ్డు ఆధారం చరిత్ర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
తెడ్డు ఆధారం పడవ అంచు మీదే ఉంటే పడవ వెడల్పు ఎందుకు పెంచవలసి వస్తుంది?

6.3 గ్రీకు ట్రైరీమ్: గూటం, తోలు పట్టీ

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ నౌకాబలానికి వెన్నెముక ట్రైరీమ్ అనే యుద్ధనౌక. ఇందులో మూడు అంతస్తుల్లో 170 మంది తెడ్లు వేసేవారు. పై వరుసలో 62 మంది, మధ్య వరుసలో 54 మంది, కింది వరుసలో 54 మంది ఉండేవారు. ప్రతి తెడ్డునూ నిలువుగా నిలిపిన ఒక చెక్క గూటానికి తోలు పట్టీతో కట్టేవారు. కింది వరుస తెడ్లు నీటికి చాలా దగ్గరగా ఉన్న రంధ్రాల నుంచి బయటికి వచ్చేవి. ఆ రంధ్రాల్లోంచి నీరు లోపలికి రాకుండా వాటికి తోలు తొడుగులు తొడిగేవారు.

పై వరుసవారి గూటాలను ఓడ అంచుకు బయటగా పొడుచుకు వచ్చిన ఒక చట్రం మీద అమర్చారు. ఇలా చేయడం వల్ల ఓడ అడుగుభాగాన్ని వెడల్పు చేయకుండానే మూడవ వరుసకు చోటు దొరికింది. అంటే ఆధారాన్ని అంచుకు బయటికి జరపాలన్న ఆలోచన ఆధునిక కాలానిది కాదు.

ట్రైరీమ్‌ను పురావస్తు శాస్త్రవేత్తలు ఇంతవరకు సముద్రగర్భంలో కనుగొనలేదు. దానిలో బరువైన సరుకులు ఉండవు కనుక దెబ్బతిన్నా పూర్తిగా అడుగుకు చేరేది కాదు. మరి దాని గురించి మనకు ఎలా తెలిసింది? ఏథెన్స్ అక్రోపొలిస్‌లో దొరికిన ఒక శిల్పఫలకం, పిరేయస్ రేవులోని ఓడ కొట్టాల శిథిలాలు, గ్రంథాల్లోని ప్రస్తావనలు మనకున్న సాక్ష్యాలు. క్రీ.పూ. 429లో జరిగిన ఒక సంఘటనను థుసిడిడీస్ వర్ణించాడు. పిరేయస్‌పై ఆకస్మిక దాడి తలపెట్టిన పెలొపొనీసియన్ నావికులు కొరింత్ వైపు నుంచి మెగారా రేవుకు కాలినడకన వెళ్ళారు. ప్రతి ఒక్కరూ తన తెడ్డు, కూర్చునే మెత్త, తెడ్డును కట్టే తోలు పట్టీ మోసుకుని వెళ్ళారు. ఒక్కో మనిషి ఒక్కో తెడ్డు మోశాడంటే ఒక తెడ్డుకు ఒక్క మనిషే ఉండేవాడని చరిత్రకారులు నిర్ధారించారు. గూటం ఓడకు చెందినది. పట్టీ మాత్రం నావికుడి వెంట ఉండేది. చిన్న వస్తువు ఎంత పెద్ద ప్రశ్నకు సమాధానం ఇవ్వగలదో గమనించండి.

రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ మరో సంగతి చెప్పాడు. ఓడ కొలతలన్నిటికీ ప్రమాణం ఒక గూటానికీ పక్క గూటానికీ మధ్య ఉన్న దూరమే. ఆ దూరం రెండు మూరలు. జాన్ మారిసన్, జాన్ కోట్స్ కృషితో 1987లో గ్రీస్‌లో జలప్రవేశం చేసిన 'ఒలింపియాస్' అనే నమూనా ట్రైరీమ్‌లో మూరను 44.4 సెంటీమీటర్లుగా తీసుకుని గూటాల మధ్య 88.8 సెంటీమీటర్లు ఉంచారు. సముద్రంలో పరీక్షించినప్పుడు ఆ చోటు తెడ్లవారికి ఇరుకైంది. చేతులు పూర్తిగా చాపి తెడ్డు వేయలేకపోయారు. దానితో మూర 49 సెంటీమీటర్లు అయి ఉండాలని, గూటాల మధ్య దూరం 98 సెంటీమీటర్లు ఉండాలని కొత్త ప్రతిపాదన వచ్చింది. గ్రంథం తీర్చలేని సందేహానికి తెడ్డు వేసే మనిషి శరీరం సాక్ష్యమైంది. దీన్నే ప్రయోగాత్మక పురావస్తు పరిశోధన అంటారు.

ఈ తెడ్లు వేసినవారిలో ఎక్కువమంది 'థీట్స్' అనే పేద పౌరులు. క్రీ.పూ. 480లో సలామిస్ విజయం తరువాత నౌకాదళం ప్రాముఖ్యం పెరిగింది. దానితోపాటు పేద పౌరుల రాజకీయ ప్రాముఖ్యం కూడా పెరిగింది. ఏథెన్స్ ప్రజాస్వామ్యం బలపడటానికి ఇది ఒక కారణమని చరిత్రకారులు భావిస్తారు.

6.4 ఉత్తర యూరప్ నావలు

డెన్మార్క్‌లోని నైడాం అనే బురదనేలలో 1863లో ఒక ఓక్ నావ బయటపడింది. క్రీ.శ. 4వ శతాబ్దం తొలి భాగానికి చెందిన ఈ నావ పొడవు సుమారు 23 మీటర్లు. దీనికి తెరచాప లేదు. ఒక్కోవైపు 15 తెడ్లు ఉండేవి. కొమ్మ పంగల్లా చెక్కిన ఆధారాలను పడవ అంచుకు తాళ్ళతో కట్టి బిగించారు.

నార్వేలో 1880లో తవ్వితీసిన గోక్‌స్టాడ్ నావ 9వ శతాబ్దం చివరిది. అప్పటికి తెరచాప వచ్చింది. సముద్రంలో అలలు లోపలికి రాకుండా నావ అంచును ఎత్తు చేయవలసి వచ్చింది. ఎత్తయిన అంచు మీద తెడ్డు ఆనిస్తే అది నీటిని సరైన కోణంలో తాకదు. అందుకని అంచు కింద పలకలోనే ఒక్కోవైపు 16 గుండ్రని రంధ్రాలు తొలిచారు. రెక్కను లోపలినుంచి బయటికి దూర్చడానికి ప్రతి రంధ్రానికీ ఒక చీలిక పెట్టారు. తెరచాపతో నడిచేటప్పుడు రంధ్రాన్ని మూయడానికి తిరిగే చెక్క మూత కూడా ఉంది. ఒకే నావ గాలికీ, చేతి బలానికీ పనికివచ్చేలా చేసిన ఏర్పాటు ఇది.

6.5 వెనిస్: ఫోర్కొలా, గాలీ ఓడలు

వెనిస్ నగరంలో వీధుల స్థానంలో కాలువలు ఉన్నాయి. గొండొలా నడిపేవాడు నిలబడి, ముందుకు చూస్తూ, కుడివైపున ఒకే తెడ్డు వేస్తాడు. ఆ తెడ్డుకు ఆధారం 'ఫోర్కొలా'. వాల్‌నట్ చెక్కతో వంపులు వంపులుగా చెక్కిన ఈ ఆధారాన్ని పడవ అంచులోని గాడిలో నిలబెడతారు. పని ముగిశాక ఊడదీయవచ్చు. తెడ్డును దీనికి కట్టరు. ఒక్కో వంపులో ఆనిస్తే ఒక్కో పని జరుగుతుంది. ఒకచోట ఆనిస్తే ముందుకు, మరోచోట ఆనిస్తే వెనక్కి, ఇంకోచోట ఆనిస్తే పక్కకు తిరగడం, ఆగడం. ఇక్కడ ఆధారాన్ని సర్దుబాటు చేయరు. తెడ్డు చోటు మార్చుకుంటుంది. తెడ్లు, ఫోర్కొలాలు చేసే 'రెమెర్' నడిపేవాని ఎత్తును, నిలబడే తీరును చూసి దాన్ని చెక్కుతాడు.

అదే వెనిస్ యుద్ధానికి వాడిన గాలీ ఓడల కథ వేరు. మొదట ఒక బల్ల మీద ముగ్గురు కూర్చుని ఎవరి తెడ్డు వారు వేసేవారు. మూడు తెడ్లు ఒకదానికొకటి తగలకుండా వేయాలంటే ముగ్గురికీ నేర్పు ఉండాలి. 16వ శతాబ్దంలో ఈ పద్ధతి మారింది. అంచుకు బయటి చట్రం మీద ఒకే పెద్ద ఆధారం, దానికి ఒకే భారీ తెడ్డు, ఆ తెడ్డుకు నలుగురైదుగురు మనుషులు. వీరిలో పిడి చివర ఉన్న ఒక్కడికి పని తెలిస్తే చాలు. మిగిలినవారికి కండబలం ఉంటే సరిపోయింది. శిక్షపడిన ఖైదీలను, బానిసలను గొలుసులతో కట్టి తెడ్డు వేయించడం ఈ పద్ధతిలో తేలికయింది. ఏథెన్స్‌లో పౌరుడి గౌరవాన్ని పెంచిన పని ఇక్కడ శిక్షగా మారింది. పనిముట్టు మారినప్పుడు పనిచేసే మనిషి స్థితి కూడా మారవచ్చు అనడానికి ఇది మంచి ఉదాహరణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
గాలీ ఓడల్లో ఒక తెడ్డుకు పలువురు మనుషులను పెట్టిన పద్ధతి శ్రామికుల స్థితిపై ఎలాంటి ప్రభావం చూపింది?

6.6 టైన్ నది, ఔట్‌రిగ్గర్

19వ శతాబ్దపు ఇంగ్లండులో పడవ పందేలు గొప్ప ప్రజాదరణ పొందిన వినోదం. ఈశాన్య ఇంగ్లండులోని టైన్ నది బొగ్గు రవాణాకు పేరుపొందింది. అక్కడ పడవలు నడిపేవారు, గని కార్మికులు, ఓడ వడ్రంగులు డబ్బు పందెం కాసి పోటీ పడేవారు. అప్పటి పడవల్లో గూటాలు అంచు మీదే ఉండేవి. అందువల్ల పడవలు వెడల్పుగా, బరువుగా ఉండేవి.

1820ల చివరినుంచి టైన్ తీరపు పడవ నిర్మాతలు అంచుకు బయట చెక్కతో, ఇనుముతో ఆధారాలు బిగించి చూశారు. ఈ ప్రయత్నాలను గెలిచే పడవగా మలిచినవాడు హ్యారీ క్లాస్పర్ (1812-1870). అతను చిన్నవయసులో బొగ్గుగనిలో పనిచేశాడు. తరువాత పడవల వడ్రంగం నేర్చుకున్నాడు. 1842లో టైన్ నదిపైనే లండన్ జట్టు చేతిలో అతని జట్టు ఓడిపోయింది. ప్రత్యర్థుల పడవ తమ పడవకంటే మేలైనదని గ్రహించి, అతను సొంతంగా పడవలు కట్టడం మొదలుపెట్టాడు. అడుగుభాగాన్ని సన్నగా, నునుపుగా మలిచి, గూటాలను ఇనుప కమ్మీల మీద బయటికి జరిపాడు. 1845లో అతని కుటుంబ సభ్యుల జట్టు థేమ్స్ నదిపై లండన్ జట్లను ఓడించింది. మరుసటి ఏడాదే, 1846లో, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల పందెంలో మొదటిసారిగా ఔట్‌రిగ్గర్ పడవలు కనిపించాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఔట్‌రిగ్గర్‌ను 'కనిపెట్టింది' ఎవరు? గ్రీకుల దగ్గర బయటి చట్రం ఉంది. గాలీ ఓడల్లో ఉంది. టైన్ నదిపై క్లాస్పర్ కంటే ముందే ఇతరులు ప్రయత్నించారు. సాంకేతిక చరిత్రలో ఒక్క మనిషి పేరు చెప్పడం సులువు కాని, చాలాసార్లు అది సరైన చిత్రం ఇవ్వదు. క్లాస్పర్ గొప్పదనం ఆధారాన్ని బయటికి జరపడంలోనే లేదు. ఆధారం బయటికి జరిగితే పడవ అడుగుభాగాన్నే కొత్తగా మలచవచ్చని గ్రహించి, గెలిచి చూపడంలో ఉంది.

దాని ఫలితాన్ని అంకెల్లో చూడండి. నేటి ఒక్కరి పడవలో రెండు ఆధారాల మధ్య దూరం సుమారు 160 సెంటీమీటర్లు. పడవ వెడల్పు మాత్రం నీటి దగ్గర 30 సెంటీమీటర్లకు మించదు. పోటీ నియమాల ప్రకారం దాని కనీస బరువు 14 కిలోలు. ఆధారాలు అంచు మీదే ఉండిపోయి ఉంటే ఆ పడవ ఐదు రెట్లకు పైగా వెడల్పు ఉండవలసి వచ్చేది.

6.7 జారే పీట, తిరిగే రోలాక్

పడవ సన్నబడిన తరువాత దృష్టి మనిషి కదలిక మీదికి మళ్ళింది. పీట స్థిరంగా ఉంటే నడుము, చేతులే పనిచేస్తాయి. పీట ముందుకు వెనక్కి జారితే కాళ్ళ బలం కూడా తోడవుతుంది. 1873 నాటి ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ పందెంలో రెండు జట్లూ జారే పీటలు వాడాయి.

జారే పీటతో తెడ్డు తిరిగే కోణం పెరిగింది. రెండు స్థిరమైన గూటాల మధ్య ఆనించిన తెడ్డుకు అంత కోణం తిరగడానికి చోటు చాలలేదు. నిలువు ఇరుసు మీద తెడ్డుతోపాటే తిరిగే రోలాక్ 1870లలో అమెరికాలో ప్రాచుర్యంలోకి వచ్చింది. తెడ్డు ఎగిరిపోకుండా దానికి పైన మూసే కమ్మీ ఉంటుంది. అయినా ఇంగ్లండులోని కొన్ని జట్లు స్థిరమైన గూటాలను 20వ శతాబ్దంలో చాలాకాలం వదల్లేదు. మేలైన పరికరం వచ్చినంత మాత్రాన పాత అలవాటు వెంటనే పోదు.

మరో ప్రయోగం 1981లో జరిగింది. పశ్చిమ జర్మనీకి చెందిన పీటర్-మైకేల్ కోల్బె పీటను స్థిరంగా ఉంచి, ఆధారాలు, కాలిబల్ల కలిసి జారే పడవతో ప్రపంచ పోటీలో గెలిచాడు. మనిషి బరువు పడవ బరువుకంటే ఎన్నోరెట్లు ఎక్కువ. ఆ బరువు ముందుకూ వెనక్కూ ఊగకపోతే పడవ వేగం నిలకడగా ఉంటుంది. 1982 పోటీలో తుది పందేనికి వచ్చినవారిలో ఎక్కువమంది అలాంటి పడవలే వాడారు. ఖర్చు పెరుగుతుందన్న కారణంతో అంతర్జాతీయ సమాఖ్య 1983లో దీన్ని నిషేధించింది. సాంకేతికంగా గెలిచినది నియమం ముందు ఓడిపోయింది.

6.8 నేటి సర్దుబాట్లు

హుస్సేన్‌సాగర్‌లో జరిగే రోయింగ్ పోటీల్లో కనిపించే పడవల్లో ఆధారాన్ని ప్రధానంగా నాలుగు విధాల సర్దుతారు.

(అ) దూరం: పడవ మధ్యరేఖనుంచి ఆధారం ఎంత దూరంలో ఉండాలి అన్నది. ఒక మనిషి ఒకే తెడ్డు వేసే పడవల్లో ఇది సుమారు 84-86 సెంటీమీటర్లు. ఆధారాన్ని లోపలికి జరిపి, తెడ్డు లోపలి భాగాన్ని కూడా ఆ మేరకు తగ్గిస్తే తెడ్డు తిరిగే కోణం పెరుగుతుంది, లాగడం బరువవుతుంది. బయటికి జరిపితే తేలికవుతుంది. ఎదురుగాలిలో తేలికగా ఉండేలా సర్దుకుంటారు.

(ఆ) ఎత్తు: పీటకంటే రోలాక్ సాధారణంగా 14-18 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మరీ ఎత్తయితే బలం భుజాల మీద పడుతుంది. మరీ తక్కువైతే రెక్కను నీటినుంచి తీయడానికి పిడి తొడలకు తగులుతుంది. రెండు తెడ్లు వేసేవారి చేతులు మధ్యలో ఒకదానిమీదుగా ఒకటి పోతాయి కనుక ఒక ఆధారాన్ని రెండవదానికంటే కొంచెం ఎత్తులో ఉంచుతారు.

(ఇ) వాలు: నీటిలో రెక్క సరిగ్గా నిలువుగా ఉండదు. సాధారణంగా 4 డిగ్రీలు వాలి ఉంటుంది. వాలు తక్కువైతే రెక్క లోతుకు దిగబడుతుంది. ఎక్కువైతే పైకి తేలిపోతుంది. రోలాక్‌లో ఇరుసు చుట్టూ ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను మార్చి దీన్ని సరిచేస్తారు.

(ఈ) ముందు వెనుకలు: పీట, కాలిబల్ల, ఆధారం ఒకదానికొకటి ఎంత ముందు, ఎంత వెనుక ఉండాలి అన్నది. పొడవైనవారికి, పొట్టివారికి ఇది వేరుగా ఉంటుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మార్చినా మిగిలినవాటిపై ప్రభావం ఉంటుంది. అందువల్ల ఒకసారికి ఒకటే మార్చి, నీటిలో పరీక్షించి, తరువాతే రెండవదానికి పోవాలి. వెనిస్ రెమెర్ ఉలితో చెక్కినదాన్ని నేటి శిక్షకుడు స్పానరుతో, టేపుతో సాధిస్తాడు. ఉద్దేశం ఒకటే: ఆధారం మనిషికి తగినట్టు ఉండాలి గాని, మనిషి ఆధారానికి తగినట్టు వంగకూడదు.

6.9 పనివారి విద్య, పెద్దమనుషుల ఆట

1870లో క్లాస్పర్ మరణించినప్పుడు అంతిమయాత్ర చూడటానికి టైన్ తీరంలో జనం పెద్దసంఖ్యలో వచ్చారు. ఆ తరువాత పదేళ్ళు తిరగకముందే, 1879లో, హెన్లీ పోటీల నిర్వాహకులు 'అమెచ్యూర్' అంటే ఎవరో నిర్వచించారు. కూలికి పనిచేసిన మెకానిక్కులు, చేతిపనివారు, శ్రామికులు ఆ నిర్వచనంలోకి రారు. డబ్బు కోసం పందెం ఆడకపోయినా సరే, చేతిపని చేసి బతికితే చాలు, అనర్హులే. ఏ చేతులు ఔట్‌రిగ్గర్‌ను తీర్చిదిద్దాయో ఆ చేతులకే ఔట్‌రిగ్గర్ పడవల పోటీలో చోటు లేకుండా పోయింది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళుతున్న ఆస్ట్రేలియా జట్టును హెన్లీ ప్రధాన పోటీకి అనుమతించలేదు. కారణం, ఆ జట్టు సభ్యులు పోలీసులు. దీనిపై విమర్శలు వచ్చాయి. 1937లో శ్రామికులను మినహాయించే ఆ నిబంధనను తొలగించారు.

మన దేశానికి ఈ ఆట వలస పాలన కాలంలోనే వచ్చింది. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో, మద్రాస్ బోట్ క్లబ్ 1867లో ఏర్పడ్డాయి. టైన్ నది కార్మికుల పనితనం ఇక్కడికి చేరేసరికి దొరల క్లబ్బుల వినోదంగా చేరింది. దాని వెనుక ఉన్న గని కార్మికుడి పేరు మాత్రం దానితోపాటు రాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
1879 నాటి హెన్లీ నిర్వచనం ఎవరిని మినహాయించింది? దానిని ఎప్పుడు సవరించారు?

6.10 సారాంశం

తెడ్డు ఒక మీట. పడవను నడిపే బలం దాని ఆధారం ద్వారా పడవకు అందుతుంది. ఆధారం అంచు మీద ఉన్నంతకాలం పడవ వెడల్పు తగ్గించడం కష్టమయింది. గ్రీకులు బయటి చట్రంతో మూడు వరుసలకు చోటు చేశారు. ఉత్తర యూరప్ నావికులు తాళ్ళతో కట్టిన ఆధారాలనుంచి మూతలున్న రంధ్రాలకు మారారు. వెనిస్‌లో ఫోర్కొలా నేర్పుకు గుర్తుగా, గాలీ తెడ్డు నిర్బంధ శ్రమకు గుర్తుగా నిలిచాయి. టైన్ నది కార్మికులు ఔట్‌రిగ్గర్‌ను గెలిచే పడవగా తీర్చిదిద్దారు. జారే పీట, తిరిగే రోలాక్ దాన్ని నేటి రూపానికి తెచ్చాయి. ఈ చరిత్ర అంతటా ఒక విషయం స్పష్టం: పనిముట్టును మెరుగుపరచినది దాన్ని రోజూ వాడిన చేతులు. వాటికి గుర్తింపు దక్కిందా లేదా అన్నది ఆయా సమాజాలు శ్రమకు ఇచ్చిన విలువను బట్టి ఉంది.

6.11 ముఖ్య పదాలు

గూటం: తెడ్డును ఆనించడానికి పడవ అంచున నిలిపిన కర్ర.
ఔట్‌రిగ్గర్: ఆధారాన్ని పడవ అంచుకు బయట నిలబెట్టే చట్రం.
రోలాక్: తెడ్డు ఆనే పంగ. ఆధునిక రూపంలో ఇది ఇరుసు మీద తిరుగుతుంది.
ఫోర్కొలా: వెనిస్ పడవల్లో వంపులతో చెక్కిన చెక్క ఆధారం.
వాలు: నీటిలో రెక్క నిలువునుంచి ఒరిగి ఉండే కోణం.

6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. తెడ్డు ఆధారం స్థానానికీ పడవ నిర్మాణానికీ ఉన్న సంబంధాన్ని చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.
2. ఔట్‌రిగ్గర్ అభివృద్ధిలో టైన్ నది కార్మికుల పాత్రను వివరించి, 1879 తరువాత వారి స్థితిని పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. ట్రైరీమ్ గురించి తెలుసుకోవడానికి ఉపయోగపడిన సాక్ష్యాలు ఏవి?
2. నేటి పడవల్లో తెడ్డు ఆధారాన్ని ఏయే విధాలుగా సర్దుబాటు చేస్తారు?